మెయిల్‌లో యాక్టివ్ రాయాలా, ప్యాసివ్ రాయాలా?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. ఇప్పుడు హైదరాబాద్‌లో సరుకు రవాణా చేసే ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో పని చేస్తున్నాను. రోజంతా ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాయాలి. ప్యాసివ్ వాయిస్ వాడొద్దని మా టీమ్ లీడ్ చెప్తారు. వర్డ్‌లో రాస్తే అది కూడా కింద గీత గీస్తుంది. కానీ మొన్న నేను ‘యూ హావ్ నాట్ సెంట్ ద డాక్యుమెంట్స్’ అని రాస్తే, మేనేజర్ గారు దాన్ని ‘ద డాక్యుమెంట్స్ హావ్ నాట్ బీన్ రిసీవ్డ్’ అని మార్చి పంపారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? తప్పులని తిరిగొచ్చిన నా వాక్యాలు నాలుగు ఇక్కడ రాస్తున్నాను. ‘ద షిప్‌మెంట్ వాజ్ రీచ్డ్ ఎస్టర్‌డే’, ‘ఐ యామ్ నాట్ రిసీవ్డ్ ద ఇన్‌వాయిస్’, ‘యువర్ రిక్వెస్ట్ ఈజ్ ప్రాసెసింగ్’, ‘ఐ టోల్డ్ బై మై టీమ్ లీడ్ టు కాల్ యూ’. మా తమ్ముడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుతున్నాడు. వాడి పుస్తకంలోని రూల్స్ అన్నీ చదివాను. మెయిల్ రాసేటప్పుడు మాత్రం ఒక్కటీ గుర్తుకు రావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. వాక్యం తప్పా ఒప్పా అన్నది ఒకటి. రెండు రకాలుగానూ ఒప్పే అయినప్పుడు ఏది రాస్తే బాగుంటుందన్నది రెండోది. టీమ్ లీడ్‌కీ మేనేజర్‌కీ మధ్య తేడా వచ్చింది ఈ రెండోదాని దగ్గర. మీ నాలుగు వాక్యాల ఇబ్బంది మొదటిది. దాన్నే ముందు తేల్చుకుందాం. ఇంటర్వ్యూల్లో, ఆఫీసుల్లో మన పిల్లల ఇంగ్లిష్ దొరికిపోయేది ఎక్కువగా ఇక్కడే. దీనికి వాళ్ల తెలివితేటలతో ఏ సంబంధమూ లేదు. నేర్పిన పద్ధతిలోనే లోపం ఉంది.

బళ్లో మనకి ప్యాసివ్ ఎలా నేర్పుతారు? బోర్డు మీద ‘రామా కిల్డ్ రావణ’ అని రాసి, దాన్ని ‘రావణ వాజ్ కిల్డ్ బై రామా’ అని మార్చమంటారు. ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి, మధ్యలో వాజ్, చివర బై. మార్చడం అందరికీ వచ్చేస్తుంది. ఎందుకు మార్చాలో మాత్రం ఎవరూ చెప్పరు. నిజంగా మాట్లాడేటప్పుడు మనసులో ఒక యాక్టివ్ వాక్యం తయారు చేసుకుని, దాన్ని ప్యాసివ్‌లోకి మార్చి, అప్పుడు నోరు తెరిచే మనిషి ఎక్కడా ఉండడు. మెయిల్ రాసే చోట ఆ రూల్స్ మీకు అక్కరకు రాకపోవడానికి కారణం అదే.

తెలుగు క్లాసులో ఇదే పాఠం కర్తరి, కర్మణి వాక్యాల పేరుతో వచ్చింది. ‘రామునిచే రావణుడు చంపబడెను’ అని రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ ‘బడు’ని ఇంట్లో మాత్రం ఎవరూ వాడరు. ‘అమ్మా, అన్నం తినబడింది’ అనే పిల్లాడు లేడు. ‘ఇచ్చట ఇళ్లు అద్దెకు ఇవ్వబడును’ అనే బోర్డుల్లోనూ, ‘మంజూరు చేయబడినది’ అనే ఉత్తర్వుల్లోనూ తప్ప అది పెద్దగా కనిపించదు. అందుకే ప్యాసివ్ అనేది తెలుగువాళ్లకి అలవాటు లేని వ్యవహారం అనుకుంటాం. ఆ పని చేసే వాక్యాలు మన నోట రోజూ వస్తూనే ఉన్నాయి. గుర్తుపట్టడం లేదంతే.

‘కరెంటు తీసేశారు.’ ఎవరు తీసేశారు? తెలియదు, అక్కర్లేదు కూడా. ‘రోడ్డు మూసేశారు’, ‘రైలు టైమ్ మార్చారు’, ‘నన్ను రేపు రమ్మన్నారు’. వీటన్నిటిలో చేసినవాళ్ల పేరు లేదు. క్రియ చివర ‘ఆరు’ ఉంది, దాంతో సరిపోయింది. తెలుగు వాక్యానికి ఆ వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్‌కి లేదు. ‘క్లోజ్డ్ ద రోడ్’ అంటే అది వాక్యం కాదు, ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి. చేసినవాళ్లు ఎవరో తెలియదు కాబట్టి, పని దేని మీద జరిగిందో దాన్నే తెచ్చి ముందు కూర్చోబెడతారు. ‘ద రోడ్ హాజ్ బీన్ క్లోజ్డ్.’ ‘ద ట్రైన్ హాజ్ బీన్ రీషెడ్యూల్డ్.’ ‘ఐ వాజ్ ఆస్క్డ్ టు కమ్ టుమారో.’ ప్యాసివ్ పుట్టిందే ఈ అవసరానికి. బైతో ఇందులో పనే లేదు చూడండి.

ఇక మీ నాలుగో వాక్యం చూడండి. మీ మనసులో ఉన్న తెలుగు ‘మీకు కాల్ చేయమని నాకు మా టీమ్ లీడ్ చెప్పారు’. ‘ఐ టోల్డ్’ అంటే నేను చెప్పాను. ‘ఐ వాజ్ టోల్డ్’ అంటే నాకు చెప్పారు. ఒక్క వాజ్ పోతే చెప్పినవాళ్లు విన్నవాళ్లయిపోతారు, విన్నవాళ్లు చెప్పినవాళ్లయిపోతారు. రాయాల్సింది ‘ఐ వాజ్ టోల్డ్ బై మై టీమ్ లీడ్ టు కాల్ యూ’ అని. ఇంకా తేలిగ్గా కావాలంటే ‘మై టీమ్ లీడ్ ఆస్క్డ్ మీ టు కాల్ యూ’. మీ ఉద్యోగంలో ఇది చిన్న విషయం కాదు. ఛార్జీలు వెనక్కి ఇస్తారని గోడౌన్‌వాళ్లు మీతో అన్నారనుకోండి. ‘ఐ వాజ్ ఇన్‌ఫార్మ్డ్’ అనాల్సిన చోట ‘ఐ ఇన్‌ఫార్మ్డ్’ అని మెయిల్ వెళ్తే, ఆ హామీ మీరే ఇచ్చినట్టు రాతపూర్వకంగా ఉండిపోతుంది. రేపు గొడవ వస్తే సంజాయిషీ ఇవ్వాల్సింది మీరు.

కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి. తెలుగులో మీ వాక్యం ‘నాకు’ అనో ‘నన్ను’ అనో మొదలై ‘ఆరు’తో ముగిస్తే, ఇంగ్లిష్‌లో ‘ఐ’తో మొదలుపెట్టగానే పక్కన వాజ్ రావాలి. నాకు చెప్పారు, ఐ వాజ్ టోల్డ్. నాకు ల్యాప్‌టాప్ ఇచ్చారు, ఐ వాజ్ గివెన్ ఎ ల్యాప్‌టాప్. నన్ను వేరే టీమ్‌కి మార్చారు, ఐ వాజ్ మూవ్డ్ టు అనదర్ టీమ్. నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు, ఐ వాజ్ కాల్డ్ ఫర్ ఎన్ ఇంటర్వ్యూ.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మనం ఇంగ్లిష్ క్రియలకి ‘అవు’, ‘చేయు’ తగిలించి మాట్లాడతాం. సెలెక్ట్ అయ్యాను, జాయిన్ అయ్యాను, ట్రాన్స్‌ఫర్ అయ్యాను, ఫెయిల్ అయ్యాను. వినడానికి నాలుగూ ఒకే అచ్చు. ఇంగ్లిష్‌లో మాత్రం అవి రెండు వర్గాలు. సెలెక్ట్ చేసింది కంపెనీ, ట్రాన్స్‌ఫర్ చేసింది పై ఆఫీసు. అందుకని ‘ఐ వాజ్ సెలెక్టెడ్’, ‘ఐ వాజ్ ట్రాన్స్‌ఫర్డ్’. జాయిన్ అయింది నేనే, ఫెయిల్ అయింది నేనే. అందుకని ‘ఐ జాయిన్డ్’, ‘ఐ ఫెయిల్డ్’. ‘ఐ సెలెక్టెడ్ ఇన్ క్యాంపస్’ అన్నా, ‘ఐ వాజ్ జాయిన్డ్ ఇన్ జూన్’ అన్నా తప్పు వచ్చేది ఈ ‘అయ్యాను’ వల్లే. మాటల్లో అయితే ‘ఐ గాట్ సెలెక్టెడ్’, ‘ఐ గాట్ ట్రాన్స్‌ఫర్డ్’ అనొచ్చు. మన ‘అయ్యాను’కి అది చాలా దగ్గర, ఇంగ్లిష్‌వాళ్లూ అంటారు. మరీ పద్ధతిగా ఉండాల్సిన మెయిల్‌లో వాజ్ మేలు.

ఏది ఏ వర్గమో తెలియకపోతే క్రియని ఒక ప్రశ్న అడగండి: దేన్ని? ఎవర్ని? డెలివర్ చేశారు, దేన్ని? షిప్‌మెంట్‌ని. జవాబు వచ్చింది, కాబట్టి ‘ద షిప్‌మెంట్ వాజ్ డెలివర్డ్’ అని రాయొచ్చు. అరైవ్, దేన్ని? జవాబు లేదు. కాబట్టి ‘వాజ్ అరైవ్డ్’ అనేది ఎప్పటికీ రాదు, ‘ద షిప్‌మెంట్ అరైవ్డ్ ఎస్టర్‌డే’ అంతే. తెలుగు వ్యాకరణంలో సకర్మక, అకర్మక క్రియలని చదివింది ఇదే. హ్యాపెన్, అక్కర్, డై, కమ్, గో, డిసప్పియర్, ఎగ్జిస్ట్, బిలాంగ్ అన్నీ ఈ అరైవ్ కోవలోవే. ‘యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’ అని మనవాళ్లు ఎంత తరచుగా రాస్తారో! జరిగింది అనగానే గతం కదా అని వాజ్ పెట్టేస్తారు. గతాన్ని చెప్పడానికి హ్యాపెన్డ్‌లోని ఆ చివరి ‘డ్’ చాలు, వాజ్ అక్కర్లేదు.

మీరు రాసిన రీచ్ కొంచెం తేడా. రీచ్, దేన్ని? గోడౌన్‌ని. జవాబు ఉంది, కానీ ఆ జవాబు షిప్‌మెంట్ కాదు. చేరుకున్నది షిప్‌మెంటే కాబట్టి అది ముందుంటే వాజ్ రాదు. ‘ద షిప్‌మెంట్ రీచ్డ్ యువర్ వేర్‌హౌస్ ఎస్టర్‌డే’ అని రాయండి.

రిజైన్ దగ్గర మరీ జాగ్రత్త. ‘ఐ రిజైన్డ్’ అంటే రాజీనామా చేశాను. ‘ఐ యామ్ రిజైన్డ్ టు ఇట్’ అంటే ఇక చేసేదేం లేదని మనసుని సరిపెట్టుకున్నాను అని అర్థం. ఉద్యోగం మారేటప్పుడు ‘ఐ వాజ్ రిజైన్డ్ ఫ్రమ్ మై జాబ్’ అని రాసేవాళ్లకి తాము రాస్తున్నదేమిటో తెలియదు, పాపం. ‘హి ఈజ్ రిటైర్డ్’ మాత్రం సరైనదే. ఆయన ఇప్పుడు రిటైరై ఉన్నారన్న స్థితి చెప్తుంది అది. సంవత్సరం చెప్పాలనుకుంటే ‘హి రిటైర్డ్ ఇన్ 2019’ అనాలి.

రెండో వాక్యం, ‘ఐ యామ్ నాట్ రిసీవ్డ్’. దీనికి తోబుట్టువు ‘ఐ యామ్ కంప్లీటెడ్ మై బీకాం’. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టేటప్పుడు ఐ యామ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ ఫలానా అని వరసగా చెప్పి చెప్పి, ఐ పక్కన యామ్ అతుక్కుపోతుంది. తర్వాత ఏ క్రియ వచ్చినా అది వదలదు. అందుకే థర్డ్ ఫామ్ ముందు ఏముందో చూసుకోండి. హావ్, హాజ్, హాడ్ ఉంటే పని చేసింది ముందున్నవాళ్లే. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ ఉంటే పని వాళ్ల మీద జరిగింది. ‘ఐ హావ్ సెలెక్టెడ్’ అంటే నేను ఎంచుకున్నాను. ‘ఐ హావ్ బీన్ సెలెక్టెడ్’ అంటే నన్ను ఎంచుకున్నారు. ఇన్‌వాయిస్ అందుకోవాల్సింది మీరే కాబట్టి ‘ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ద ఇన్‌వాయిస్’. బీకాం పూర్తి చేసింది మీరే కాబట్టి ‘ఐ కంప్లీటెడ్ మై బీకాం ఇన్ 2021’ లాగా. పుట్టుక ఒక్కటే ఎప్పుడూ వాజ్‌తో వస్తుంది. ‘ఐ యామ్ బోర్న్ అండ్ బ్రాట్ అప్ ఇన్ నంద్యాల’ కాదు, ‘ఐ వాజ్ బోర్న్ అండ్ బ్రాట్ అప్’. మనల్ని కన్నదీ పెంచిందీ వేరేవాళ్లు, అదీ ఎప్పుడో జరిగిపోయింది.

మూడోది, ‘యువర్ రిక్వెస్ట్ ఈజ్ ప్రాసెసింగ్’. ప్రాసెస్ చేస్తున్నది మీ కంపెనీ, రిక్వెస్ట్ కాదు. మధ్యలో బీయింగ్ పెట్టి ‘ఈజ్ బీయింగ్ ప్రాసెస్డ్’ అనాలి. ఇది తప్పయినందుకు మరీ చిన్నబుచ్చుకోకండి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనే ఇల్లు కడుతున్నారు అనడానికి ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అని రాసేవారు, అదే మర్యాదైన ఇంగ్లిష్. ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అనేది 18వ శతాబ్దం చివర్లో గానీ వాడుకలోకి రాలేదు. 19వ శతాబ్దంలో అక్కడి వ్యాకరణవేత్తలు కొందరు అది వికారంగా ఉందని గట్టిగా పోట్లాడారు కూడా. వాళ్లు ఓడిపోయారు, బీయింగ్ నిలిచింది. ఆ పాత పద్ధతిలా కనిపించే వాక్యాలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. ‘ద రైస్ ఈజ్ కుకింగ్’, ‘ద ఫైల్ ఈజ్ డౌన్‌లోడింగ్’ అంటే ఎవరూ తప్పు పట్టరు. ‘ద మీటింగ్ ఈజ్ కండక్టింగ్’, ‘ద రోడ్ ఈజ్ కన్‌స్ట్రక్టింగ్’ అంటే మాత్రం ఒప్పుకోరు. అనుమానం ఉంటే బీయింగ్ పెట్టేయండి, సాధారణంగా నష్టం ఉండదు.

దీనికి దగ్గరిదే ఇంకొకటి. ‘ద ఫామ్ కెన్ సబ్మిట్ ఆన్‌లైన్’ అని రాస్తుంటారు. ఫామ్ దేన్నీ సబ్మిట్ చేయదు. ‘కెన్ బీ సబ్మిటెడ్’. ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అన్నది కూడా ఇదే పొరపాటు. ఆసక్తి కలిగిస్తున్నది ఉద్యోగం, కలిగింది నాకు. జాబ్ ఇంట్రెస్టింగ్, నేను ఇంట్రెస్టెడ్.

ఇప్పుడు టీమ్ లీడ్, మేనేజర్‌ల సంగతి. ఇద్దరి మాటా నిజమే, సందర్భాలు వేరు.

‘డాక్యుమెంట్స్ మీరు పంపలేదు’ అని కస్టమర్‌కి రాస్తే వేలెత్తి చూపినట్టు ఉంటుంది. ఆయన పంపి ఉండొచ్చు, దారిలో ఎక్కడో ఆగి ఉండొచ్చు. మీకు కచ్చితంగా తెలిసింది అవి అందలేదన్నది ఒక్కటే. ‘ద డాక్యుమెంట్స్ హావ్ నాట్ బీన్ రిసీవ్డ్’ అనే వాక్యం సరిగ్గా అంతే చెప్తుంది. మర్యాదా ఉంది, నిజమూ ఉంది. ‘వి హావ్ నాట్ రిసీవ్డ్ ద డాక్యుమెంట్స్’ అన్నా అంతే మర్యాద, పైగా యాక్టివ్. నన్నడిగితే దీనికే ఓటేస్తాను. టీమ్ లీడ్ కూడా కాదనరు.

ఇదే ప్యాసివ్‌ని మన తప్పు దాచుకోవడానికి వాడితే చదివేవాళ్లకి ఒళ్లు మండుతుంది. పార్సిల్ వేరే అడ్రస్‌కి పంపింది మీ కంపెనీ. ‘ద పార్సిల్ వాజ్ సెంట్ టు ఎ రాంగ్ అడ్రస్’ అని రాస్తే, అదేదో దానంతట అది జరిగిపోయినట్టు ఉంటుంది. అమెరికా రాజకీయాల్లో దీనికి పేరు మోసిన ఉదాహరణ ఉంది. ఇరాన్‌కి ఆయుధాలు అమ్మిన వ్యవహారం బయటపడ్డాక, అధ్యక్షుడు రీగన్ 1987 జనవరిలో వాళ్ల పార్లమెంటు ముందు మాట్లాడుతూ ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. పొరపాట్లు జరిగాయట, ఎవరు చేశారో లేదు. బాధ్యత తప్పించుకునే మాటకి అక్కడ అది ఒక గుర్తుగా మిగిలిపోయింది. మీరు మాత్రం సారీ చెప్పే మెయిల్‌లో ‘వి సెంట్ యువర్ పార్సిల్ టు ద రాంగ్ అడ్రస్’ అనే రాయండి. చదివినవాళ్ల కోపం సగం అక్కడే దిగుతుంది.

మాట ఇచ్చేటప్పుడు కూడా యాక్టివే. ‘ద మ్యాటర్ విల్ బీ లుక్డ్ ఇంటు’ అంటే ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో తెలియదు. ‘ఐ విల్ చెక్ విత్ ద వేర్‌హౌస్ అండ్ కాల్ యూ బై ఫైవ్’ అంటే కస్టమర్ నిశ్చింతగా ఉంటాడు. మీ టీమ్ లీడ్ అడుగుతున్నది ఇదే అయి ఉంటుంది. ‘ద రిపోర్ట్ వాజ్ ప్రిపేర్డ్ బై మీ’ అని మన ఆఫీసుల్లో రాసే అలవాటు కూడా మానుకోవచ్చు. ‘ఐ ప్రిపేర్డ్ ద రిపోర్ట్’ అంటే పొగరు అనుకుంటారేమోనని భయపడక్కర్లేదు, ఇంగ్లిష్‌లో అది మామూలు మాట.

గొడవలూ క్షమాపణలూ లేని మామూలు సమాచారంలో ఏది రాయాలి? మీరు దేని గురించి మాట్లాడుతున్నారో అది ముందుండాలి, అంతే. చార్మినార్ గురించి ఒక పేరా రాస్తున్నారనుకోండి. ‘ద చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591 బై మహమ్మద్ కులీ కుతుబ్ షా’ అన్నది అక్కడ సహజంగా ఉంటుంది. అదే పేరా కులీ కుతుబ్ షా గురించైతే ‘హి బిల్ట్ ద చార్మినార్ ఇన్ 1591’ అంటారు. ప్యాసివ్ వద్దన్నారు కదా అని మొదటి పేరాలో కూడా ఆయన్ని తెచ్చి ముందు పెడితే, చదివేవాళ్ల చూపు చార్మినార్ మీంచి పక్కకి పోతుంది. మీ మెయిల్‌లో చార్మినార్ ఉండదు, షిప్‌మెంట్ ఉంటుంది. ‘యువర్ షిప్‌మెంట్ లెఫ్ట్ చెన్నై ఆన్ మండే. ఇట్ వాజ్ హెల్డ్ ఎట్ కస్టమ్స్ ఫర్ టూ డేస్ అండ్ వాజ్ రిలీజ్డ్ దిస్ మార్నింగ్.’ కస్టమర్‌కి కావాల్సింది తన సరుకు సంగతి. పట్టి ఉంచిన అధికారి ఎవరో, వదిలిన అధికారి ఎవరో ఆయనకి అక్కర్లేదు. ఇందులో రెండు ప్యాసివ్‌లు ఉన్నాయి, రెండూ ఉండాల్సినవే. వర్డ్ వాటి కింద గీత గీస్తే గీయనివ్వండి. అది ప్యాసివ్ కనపడిందని చెప్తుంది, తప్పని తేల్చడం లేదు. అక్కడ అవసరమో కాదో తెలిసేది మీకే.

పంపే ముందు ఒక్క నిమిషం ఆగి, మెయిల్‌లో యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ ఉన్నచోటల్లా పక్కన థర్డ్ ఫామ్ ఉందేమో చూడండి. ఉంటే, పని ముందున్నవాళ్ల మీదే జరిగిందా అని సరిచూసుకోండి. ఆ ఫామ్ కూడా ఒకసారి గమనించండి. ‘వాజ్ టుక్’, ‘వాజ్ సెండ్’ లాంటివి తొందరలో దొర్లుతాయి. ‘వాజ్ టేకెన్’, ‘వాజ్ సెంట్’ ఉండాలి. కొన్నాళ్లకి వెతకక్కర్లేకుండానే కన్ను పట్టేస్తుంది.

మీ తమ్ముడి పుస్తకం గురించి ఒక మాట. అందులోని రూల్స్ తప్పు కావు, అవి పరీక్ష కోసం. ఆ పరీక్షలో వాక్యాన్ని మార్చమనే అడుగుతారు కాబట్టి అతను మార్చడమే నేర్చుకోవాలి. ‘ఓపెన్ ద డోర్’ని ‘లెట్ ద డోర్ బీ ఓపెన్డ్’ అని, ‘హూ రోట్ దిస్ లెటర్’ని ‘బై హూమ్ వాజ్ దిస్ లెటర్ రిటెన్’ అని, ‘ప్లీజ్ హెల్ప్ మీ’ని ‘యూ ఆర్ రిక్వెస్టెడ్ టు హెల్ప్ మీ’ అని గుర్తుపెట్టుకోమనండి. ‘నోన్ టు మీ’, ‘సర్‌ప్రైజ్డ్ ఎట్’, ‘కంటెయిన్డ్ ఇన్’ లాంటి చోట్ల బై రాదు, పేపర్ సెట్ చేసేవాళ్లకి అవంటే ఇష్టం. టెన్స్ మారకూడదన్నది అతను ముందు చూసుకోవాల్సిన విషయం. నాలుగు ఆప్షన్లలో ఒకటో రెండో టెన్స్ దగ్గరే ఎగిరిపోతాయి. మీరు మాత్రం ఆ పుస్తకం అతనికే వదిలేయండి. మెయిల్‌లో ‘లెట్ ద ఇన్‌వాయిస్ బీ సెంట్’ అని రాస్తే కస్టమర్ కంగారు పడతాడు. ‘ప్లీజ్ సెండ్ ద ఇన్‌వాయిస్’ చాలు.